ఒంటి కప్పుకు నేసిన గుడ్డ

గద్వాల
2 జూన్ 2024

చిన్నాయినకు,

ఈ ఉదయం నాయిన చాయ్ గ్లాసును మగ్గం గుంత అంచున పెట్టి మరచిపోయాడు. నేను తీసి చూస్తే పైన మీగడ కట్టినట్టు ఉంది. మీగడ కాదు, నూలు నూగు. పారబోయబోతే "ఉండనియ్యి, తాగుత" అని, వేలితో నూగు తీసేసి తాగాడు.

ఇలాంటి మాటలు నీకు ఫోన్లో చెప్పలేను. ఫోన్ పట్టుకుంటే నాకు ఆఁ, ఊఁ తప్ప ఏమీ రావని నీకు తెలుసు. మొన్న కూడా అంతే అయింది. తర్వాత "సుహాకు నా మీద ఏమన్న కోపమా" అని నాయినను అడిగావట. కోపం లేదు. గుడ్డ పార్సిల్ ఎట్లాగూ పంపుతున్నాం కాబట్టి అందులో ఈ కాగితం పెడుతున్నాను. నువ్వు కూడా రాస్తే బాగుంటుంది. కల్పనక్క నాగర్‌కర్నూల్ నుంచి ఫోన్ చేసి ఈ సంగతి విని నవ్వింది. "మంచిగున్నరు ఇద్దరికి ఇద్దరు. రేపు పావురాలను గూడ సాదుకుంటరు" అంది.

నీ ఫొటో పేపర్లో వచ్చింది. వనపర్తి పాలిటెక్నిక్ లెక్చరర్ తయారు చేసిన 'ఒంటికప్పు' కాఫీ యంత్రాన్ని, ఊరూరా దుకాణాలున్న పెద్ద కాఫీ కంపెనీ కొన్నదని రాశారు. ఫొటోలో నువ్వు యంత్రం మీద చెయ్యి వేసి నిలబడ్డావు. పక్కింటి రంగమ్మవ్వ కళ్ళజోడు పెట్టుకుని చూసి, "అంగట్ల బర్రెను కొన్నోడు గిట్ల చెయ్యేసి నిలబడుతడు. అమ్మినోడు నిలబడడు. మీ చిన్నాయిన కొన్నడా, అమ్మిండా?" అని అడిగింది.

నాయిన ఆ పేజీని చాలాసేపు చూశాడు. యంత్రంలో పెట్టే, ఆయన నేసిన వడపోత గుడ్డ సంగతి ఎక్కడా రాయలేదని నేనన్నాను. "గుడ్డ లోపల ఉంటది బిడ్డా. లోపల ఉన్నదాన్ని ఫొటో ఎట్ల తీస్తరు" అన్నాడు.

అమ్మ ఉంటే ఆ పేపర్ దాచేది. మాఘంలో అమ్మ పోయాక ఏది ఎక్కడ దాచాలో మాకిద్దరికీ తెలియడం లేదు. నేను నా పుస్తకంలో పెట్టాను.

మా కాన్వెంటు బడి తెరిచే రోజు దగ్గరపడింది. లైబ్రరీ బీరువాలన్నీ దులిపించమని సిస్టర్ చెప్పింది. నేను చదువుకునేటప్పుడు ఏ మూల కూర్చునేదాన్నో ఇప్పుడు జీతానికీ అదే మూల.

కంపెనీకి ఇంకా గుడ్డ కావాలా అని నాయిన అడగమన్నాడు. మగ్గం మీద పడుగు ఇంకా చాలా ఉంది.

కాగితం మీద జవాబు ఇస్తావని,
సుహాసిని


బెంగళూరు
23 జూన్ 2024

బిడ్డా సుహా,

పార్సిల్ అందింది. ముందు నీ కాగితం చదివిన, తర్వాత గుడ్డ విప్పిన. రంగమ్మత్త మాటకు ఒక్కన్నే కూసోని నవ్విన. ఆమెకు చెప్పు, అమ్మినోన్ని నేనే గాని, బర్రెతోని పాటు నన్ను గూడ అమ్ముకున్న అని. రెండేండ్లు ఈడనే ఉండి వాళ్ళకు అంతా నేర్పియ్యాలని రాసుకున్నం. పాలిటెక్నిక్‌కు సెలవు పెట్టిన.

మొన్న పెద్దోళ్ళ ముందర యంత్రాన్ని ఆడించి చూపిన. కప్పుకు సరిపడ పొడి, కప్పుకు సరిపడ వేడినీళ్ళు గొట్టంల పోస్తె, కింద పిస్టన్ గాలి గుంజుతది, గుడ్డలకెళ్లి కాఫీ దిగుతది. నిమిషం పట్టదు. ముందే కాచి పెట్టుడు లేదు. ఎవలకు ఏ గింజ కావాలంటె ఆ గింజ, అప్పటికప్పుడు, వాళ్ళొక్కరికే. తాగి అందరు ఒకరి మొకం ఒకరు చూసుకున్నరు. తర్వాత గొట్టం విప్పి, ఇదేం గుడ్డ అని అడిగిన్రు.

నాకు వదిన యాదికొచ్చింది. ఆ దీపావళికి ఇంటికి వచ్చి తలకాయ పట్టుకొని కూసున్న చూడు. కాగితం పెడితె చినుగుతుండె, స్టీలు జాలి పెడితె పొడితోని మూసుకపోతుండె. వదిన ఇల్లు తుడుసుకుంట వచ్చి, చేతుల ఉన్న పాత చీరె పేలిక నా ముందల పడేసి, "అన్ని చూసినవు గద, ఇది గూడ చూడు. ఎట్లయిన పారేసేదే" అన్నది. గద్వాల చీరె. నూలు, పట్టు కలిసిన జాగల ముక్క. అదే పని చేసింది. పడుగు నూలు, పేక పట్టు పెట్టి అన్న దాన్నే సన్నగ నేసిండు. ఇదంతా నీకు తెల్సు. తెల్సినా మళ్ళ రాయబుద్ధి అయింది.

ఈడ సామాన్లు కొనేది భవాని అని ఒకామె చూస్తది. రాయచూరు దిక్కు పిల్ల, తెలుగు వస్తది. గుడ్డను చెంపకు ఆనించుకొని చూసింది. దుకాణాలన్నిటికి ఇదే కావాలె అన్నది. అన్నకు చెప్పు, ఒక్క మగ్గం సాలదు. తిరుపతయ్యతోని గూడ మాట్లాడుమను.

ఇంకొకటి. గుడ్డను ఎట్ల ఉతకాలె, ఎట్ల ఆరబెట్టాలె అని ఆమె అడుగుతుంది. అన్న చెప్పింది నువ్వు ఇంగ్లీషుల రాసి పంపు. కాన్వెంటుకు పంపినందుకు ఇన్నాళ్ళకు మాకొక పని చేసిపెట్టు.

మీ చిన్నాయిన
మహేందర్


గద్వాల
14 జులై 2024

చిన్నాయినకు,

నీ ఉత్తరం నాయినకు చదివి వినిపించాను. అమ్మ పేలిక సంగతి వచ్చినప్పుడు, "చీరె అంచు రంగేందో రాసిండా?" అని అడిగాడు. రాయలేదన్నాను. "వంకాయ రంగు" అన్నాడు. అంతే.

ఆ సాయంత్రమే తిరుపతయ్య ఇంటికి వెళ్ళాడు. తిరుపతయ్య పాడుపడిన మగ్గం గుంతలోంచి కట్టెలు, కోళ్ళ గంప అన్నీ బయట పెట్టేశాడు. "మా తాత రాజావారికి నేసిండు. మా నాయిన పెండ్లిండ్లకు నేసిండు. నేను కాఫీ వడగట్టేటోళ్ళకు నేస్త. ఖాందాన్ దిగజారిందా, పెరిగిందా మీ చదువుకున్నోళ్ళే చెప్పాలె" అని నన్ను అడిగాడు. కానీ సంతోషంగా ఉన్నాడు. సున్నం కూడా వేయించాడు.

వాన సరిగా లేదు. మల్దకల్ దిక్కు విత్తన పత్తి వేసినవాళ్ళు మబ్బును చూస్తూ కూర్చున్నారు. మా బడికి వచ్చే పిల్లల్లో చాలామంది విత్తనం కోసం పత్తి పూలను చేత్తో కలిపే కూలిపని మొదలవగానే మానేస్తారు. అప్పుడు లైబ్రరీలో నేనూ బల్లలూ మిగులుతాం.

ఉతికే తీరు రాసి ఇందులో పెట్టాను. నాయిన ఒక్కొక్కటీ చెప్తుంటే రాశాను. చల్లని నీళ్ళు, సబ్బు వద్దు. పిండవద్దు, దులపవద్దు. నీడలో ఆరేయాలి. ఒక గుడ్డ ఆరేలోపు ఇంకొకటి వాడాలి. నీళ్ళు తీసేటప్పుడు పసిపిల్ల తల తుడిచినట్టు అద్దాలి. ఈ చివరి మాటను ఇంగ్లీషులోకి తేవడానికి నాకు ఒక మధ్యాహ్నమంతా పట్టింది. మొత్తం చాలా కాగితాలయ్యాయి. తగ్గించమంటావా అంటే, "ఏది తీసేస్తవ్? అన్ని చెయ్యాల్సినయే" అన్నాడు.

నాయిన ఇంతవరకు నీ యంత్రం కాఫీ తాగలేదు. ఈసారి వచ్చినప్పుడు ఒక యంత్రం తెస్తావా? తాగి, బాగాలేదని చెప్పాలని ఆయనకు ఉంది.

సుహాసిని


బెంగళూరు
27 ఆగస్టు 2024

బిడ్డా,

ఈ కాగితం ముందల కూసోని రెండుసార్లు లేసిన.

నువ్వు రాసిన ఉతికే తీరు ఈడ అందరు చదివిన్రు. ఒక పెద్దాయన దాన్ని మీటింగుల గట్టిగ చదివిండు. పసిపిల్ల తల కాడ జర ఆగిండు. ఎవ్వలు నవ్వలేదు. చదివి, కాగితాలు కింద పెట్టి, "మా దుకాణాలల్ల పిల్లలకు వాళ్ళ చేతులు తుడుసుకునే తీరికనే ఉండదు. ఈ గుడ్డకు సేవ ఎవరు చేస్తరు" అన్నడు.

గుడ్డ వద్దనుకున్నరు. స్టీలు జాలి పెడుతరు. సూది మొన కన్న సన్నటి తూట్లు కొట్టే మిషన్ వేరే దేశంల ఉన్నదట. మనం వాడినదాని లెక్క మూసుకపోదు. రుచి జర తగ్గుతది. తగ్గుతదని అందరికి తెల్సు.

అసలు మాట ఇంకా రాయలేదు. నేను సంతకం పెట్టిన కాగితాలల్ల యంత్రంతోని పాటు గుడ్డ గూడ ఉన్నది, దాన్ని నేసే తీరు ఉన్నది, నేసే సామాను ఉన్నది. గుడ్డను కొంటున్నరంటె వాడుతరు అనుకున్న. ఇంకొకలకు దొరకకుండ ఉండనీకె గూడ కొంటరని నాకు తట్టలేదు. ఇప్పటి సంది ఆ గుడ్డ నేసే హక్కు వాళ్ళది. అన్న నేయొద్దు. అచ్చు గూడ వాళ్ళకు ఇచ్చెయ్యాలె. అచ్చు అంటే ఏందని భవాని అడిగింది. పడుగు పోగులు చిక్కు పడకుండ వరుసల నిలబెట్టే పెద్ద దువ్వెన అని చెప్పిన.

అన్నకు నువ్వే నెమ్మదిగ చెప్పు. నా నోటితోని నేను చెప్పలేను. మగ్గం మీద ఉన్న పడుగు కోసేసి అచ్చు విప్పి పెట్టుమను. దసరా పోయినంక భవాని వచ్చి తీసుకపోతది. చీరెల పడుగు ఎక్కించుకుంటడు, అంతే గద.

తిరుపతయ్యకు ఏం చెప్పాలో నాకు తెల్వదు.

మహేందర్


గద్వాల
8 సెప్టెంబర్ 2024

చిన్నాయినకు,

నీ ఉత్తరాన్ని వాకిట్లోనే విప్పి, ఎప్పటిలాగే నాయినకు చదివి వినిపించాను. ముందు నాలో నేను చదువుకుని ఉంటే కొంచెం మార్చి చదివేదాన్నేమో.

సంతకాల దగ్గర "పోనియ్యి, వానికేం తెల్సు" అన్నాడు. పడుగు మాట దగ్గర చెయ్యెత్తి ఆపాడు.

"మళ్ళ సదువు."

చదివాను.

"వాడే రాసిండా, ఎవలతోనన్న టైపు కొట్టిచ్చిండా?"

"చేత్తోనే రాశాడు."

"కోయుమన్నడా" అన్నాడు. అది అడగడం కాదు. మగ్గం మీద గుడ్డ కప్పి, చెప్పులు వేసుకోకుండా బయటికి వెళ్ళిపోయాడు.

ఆయన ఎందుకట్లా వెళ్ళిపోయాడో నాకు తిరుపతయ్య వివరంగా చెప్పాడు. కొంత నాకు తెలుసు, కానీ ఎవరూ గట్టిగా అనగా వినలేదు. మన ఇంట్లో మగ్గం ఎక్కిన పడుగును నడుమ కోయరు. ఎంత చెడిపోయినా కొస దాకా నేసి దించాల్సిందే. నడుమ కోసేది ఒక్కనాడే, ఆ మగ్గం మీద పనిచేసిన మనిషి పోయిన నాడు. తాత పోయినప్పుడు కోశారట. నువ్వప్పుడు చాలా చిన్నవాడివి. "సొంత తమ్ముడు పడుగు కోయుమని రాసిండంటె, అన్న ఇంకెందుకు ఉన్నడు అన్నట్టే గద" అన్నాడు తిరుపతయ్య. కోళ్ళ గంపను మళ్ళీ గుంతలో పెడుతూ అన్నాడు. కోపంలో ఉన్నాడు కాబట్టి ఎక్కువే అన్నాడనుకుంటాను.

నువ్వు అట్లా అనుకోలేదని నాకు తెలుసు. నాయినకూ చెప్పాను. "వాడు అనుకోలేదు. మరిచిపోయిండు" అన్నాడు. ఆ రెండింటిలో ఆయనకు ఏది ఎక్కువ బాధో నాకు అర్థం కాలేదు.

నీకు రాయమన్న మాట ఇది: "పడుగు అయ్యేదాక ఆగుమను. అయినంక అచ్చు నేనే ఇస్త. నేసిన గుడ్డ ఎవలకు అమ్మను, ఎవలకు సూపియ్యను."

చవితికి బడి పిల్లలు మట్టి వినాయకుణ్ణి చేశారు. చెవులు మరీ పెద్దవయ్యాయి. అందరికంటే ముందు సిస్టరే నవ్వింది.

సుహాసిని


బెంగళూరు
22 సెప్టెంబర్ 2024

సుహా,

తిరుపతయ్య మాట చదివి ఆ పూట అన్నం తినలేదు. నేను అన్న చావు కోరుతనా?

మీ తాత పోయిన నాడు పడుగు కోసిన్రని నాకు యాదికి లేదు. యాదికున్నది మా అమ్మ ఏడుపే. వనపర్తి హాస్టల్‌ల చేరిన సంది నేను మగ్గం గుంతల దిగలేదు. అన్ననే దిగనియ్యలేదు. "నీ చేతులు పెన్ను పట్టేటియి, గుంతల పెట్టకు" అన్నడు. ఇప్పుడు నాకు మగ్గం మర్యాద తెల్వదంటె తప్పు ఎవలది?

అన్న ఫోన్ ఎత్తుతలేడు. ఎన్నిసార్లు చేసినా కల్పననే ఎత్తి "నాయిన మగ్గం మీద ఉన్నడు" అంటది. ఆమె నాగర్‌కర్నూల్ నుంచి ఎన్నడొచ్చిందో గూడ నాకు చెప్పలేదు.

భవానితోని మాట్లాడిన. ఆచారం అని చెప్తె మంచిగనే విన్నది. పడుగు ఎప్పటికి అయితది అని అడిగింది. నువ్వు జూన్‌ల ఇంకా చాలా ఉన్నదని రాస్తివి. అన్న చెయ్యి నాకు తెల్సు. ఆ చెయ్యికి ఈ పాటికి రెండు పడుగులు దిగాలె. దిగలేదంటె ఏందర్థం? అన్న కావాలని ఆపి ఆపి నేస్తుండు. నా మీద కోపం మగ్గం మీద చూపుతుండు. కోపం ఉంటె నన్ను తిట్టుమను. వచ్చి ముందల నిలబడుత.

నౌకరి పోతదని గాదు నేను అడిగేది. ఇస్తనని సంతకం పెట్టిన. ఇయ్యకపోతె నా సంతకం అబద్ధం అయితది. అది దారమే గద బిడ్డా. తెగితె ఎవ్వలకు ఏం గాదు. గా మాట అన్నకు చెప్పే ధైర్యం ఇంట్ల ఎవ్వలకు లేదా?

దసరా తర్వాత భవాని వస్తది. ఆపనీకి నాకు చేతగాదు.

మహేందర్


గద్వాల
20 అక్టోబర్ 2024

చిన్నాయినకు,

భవాని గారు శుక్రవారం వచ్చారు. చెప్పులు విప్పి, గడప బయటే నిలబడి, "స్వల్ప నీళ్ళు ఇస్తారా" అని అడిగారు. రంగమ్మవ్వ వెనకాలే వచ్చి మా అరుగు మీద కూర్చుంది. మామూలుగా ఆమెకు మోకాళ్ళ నొప్పి.

నాయిన గుంతలోంచి లేవలేదు. అటూ ఇటూ పోగు వేసే నాడె ఆపలేదు. భవాని గారు కొంచెంసేపు నేత చూసి, నా వైపు తిరిగి, ఉతికే తీరు రాసిన అమ్మాయివి నువ్వేనా అని ఇంగ్లీషులో అడిగారు. అవునన్నాను. తర్వాత నేను చాలా మాట్లాడాను. నాకే ఆశ్చర్యంగా ఉంది. నాయినకు అర్థం కాదన్న ధైర్యంతో మాట్లాడాను. పడుగు ఎట్లా ఎక్కిస్తారో చెప్పాను. పాత పడుగు దించినా అచ్చులో జానెడు పోగులు వదిలేస్తారని, కొత్త పడుగును వాటి కొసలకు ఒక్కొక్క పోగుగా అతుకుతారని చెప్పాను. కోయడం అంటే ఈ ఇంట్లో ఏమిటో చెప్పాను. ఆయన ఇస్తానన్నాడని, ఇస్తానంటే ఇస్తాడని, అయ్యేదాకా మాత్రం ఆగమని చెప్పాను.

ఆమె బయటికి వెళ్ళి ఆఫీసుకు ఫోన్ చేశారు. తిరిగి వచ్చి నా మొహం చూడకుండా చెప్పారు. అచ్చు వాళ్ళకు అక్కర్లేదట. ఎవరూ వాడరట. ఎక్కడ ఉన్నదాన్ని అక్కడే విరిచి, ఫొటో పంపితే ఫైలు మూసేస్తారట. ఇవ్వాళే కావాలన్నారట.

తర్వాత ఆమె ఫొటో తీసుకున్నారు. పని అయిపోయిందని, ఇక ఎవరూ రారని చెప్పారు. చాయ్ తాగి వెళ్ళారు.

ఆమె వెళ్ళాక నాయిన, "గంతసేపు ఏం మాట్లాడినవ్?" అని అడిగాడు.

"వానల గురించి."

"వానల మీద గంత ఇంగ్లీషు ఉంటదా" అన్నాడు.

నువ్వు ఇక దిగులు పడవద్దు. పడుగు నాయిన నేస్తున్నాడు.

సుహాసిని


బెంగళూరు
10 నవంబర్ 2024

సుహాసినికి,

భవాని తెచ్చిన ఫొటో నా బల్ల మీద పెట్టి, చూసి సంతకం పెట్టుమన్నరు.

అది కంపెనీ అచ్చు గాదు. అది మా అమ్మ అచ్చు. ఎడమ కొసన కాల్చి పెట్టిన గుర్తు ఉన్నది. అదల బదల గావద్దని అమ్మనే పెట్టుకున్నది. ఈదమ్మ అచ్చు అంటె అప్పుడు అలంపూర్‌ల తెల్వనోళ్ళు లేరు. ఫొటోల అది రెండు ముక్కలైంది.

అంటె అన్న కంపెనీ అచ్చును ఉంచుకొని అమ్మ అచ్చును విరిచిండు. నాకు చూపియ్యనీకె విరిచిండు. తమ్ముడు కోయుమన్నడు గద, ఇగో చూడు అని. అమ్మ చేతులు పట్టిన కట్టె అది. అన్నకు గంత మనసు ఎట్లొచ్చింది? నువ్వు ఆడనే ఉండి ఆపలేదు. ఆపకపోతివి, నాకు రాయనన్న రాయకపోతివి. పని అయిపోయింది, దిగులు పడకు అని రాసినవు.

పక్కన మనుషులు నిలబడి ఉంటె, ఇదే అచ్చు అని సంతకం పెట్టిన. సంతకం అబద్ధం కావద్దని నేను కొట్లాడితి. ఇప్పుడు అబద్ధం మీదనే పెట్టిన.

వదిన సంవత్సరీకానికి నేను రాను. ఈడనే దీపం పెట్టుకుంట. అన్నకు చెప్పు. ఇగ పార్సిళ్ళు పంపకున్రి.

మహేందర్


గద్వాల
8 డిసెంబర్ 2024

చిన్నాయినకు,

పంపవద్దన్నా పార్సిల్ పంపుతున్నాను. దీన్ని చదవకుండా పక్కన పెట్టవని నమ్ముతున్నాను.

అవ్వ అచ్చును నాయిన విరవలేదు. అలంపూర్‌లో వరద వచ్చిన ఏడు అది విరిగింది. నువ్వు వనపర్తిలో చదువుకుంటున్నావు. నీళ్ళు తీశాక గోడ కింద రెండు ముక్కలుగా దొరికిందట. నాయిన ఆ ముక్కలను దారంతో బిగించి కట్టాడు, గద్వాలకు వచ్చాక గోడకు తగిలించాడు. దూరం నుంచి చూస్తే విరిగినట్టు తెలియదు. నువ్వు ఎప్పుడూ దూరం నుంచే చూశావు. నాయిన నీకు చెప్పలేదు. అవ్వ బాధపడుతుందని ఆమె ఉన్నన్నాళ్ళు ఎవరూ ఆ మాట ఎత్తలేదు, తర్వాత అది అలవాటైంది.

భవాని గారికి ఆ అచ్చు చూపించింది నేను. మగ్గం గది పక్క గోడ మీద నుంచి దించి, నేనే దారం విప్పాను. నాయిన గుంతలో ఉన్నాడు, ఆయనకు కనపడలేదు. ఆమె "ఇదేనా?" అని అడిగారు. "ఇదే" అన్నాను. ఆమె మగ్గం వైపు చూశారు, మళ్ళీ ముక్కల వైపు చూశారు. ఆ ముక్కలకే ఫొటో తీసుకున్నారు. నీకు ఆ సంగతి రాస్తే నీ చేత కూడా అబద్ధం ఆడించినట్టవుతుందని రాయలేదు. రాయకపోవడం వల్లే అట్లా అయింది.

నీ ఉత్తరాన్ని ఈసారి ముందు నాలో నేను చదువుకున్నాను. తర్వాత నాయినకు ఒక్క మాట మార్చకుండా వినిపించాను. అయిపోయాక నా వైపు తిరిగాడు.

"అబద్ధం ఆడితివా?"

"ఆడాను."

"ఇంగ్లీషులనా?"

"తెలుగులోనే."

"మీ సిస్టరుకు తెల్సా?"

తెలియదన్నాను. "తెల్వనియ్యకు" అన్నాడు. కొంచెం నవ్వాడు కూడా. తర్వాత, "వాడు అమ్మ అచ్చును గుర్తుపట్టిండు చూడు" అన్నాడు. ఆ మాట ఆ రోజంతా అప్పుడప్పుడు అంటూనే ఉన్నాడు. రంగమ్మవ్వకు చెప్పాడు. తిరుపతయ్య ఇంటికి నడుచుకుంటూ వెళ్ళి చెప్పి వచ్చాడు.

పోయిన గురువారం పడుగు అయిపోయింది. నేసిన గుడ్డ తాను దించి మడతపెట్టి లోపల పెట్టాడు. అది ఎవరికీ ఇవ్వడు. అచ్చును విప్పి, పాత దుప్పటిలో చుట్టి, నీ పేరు రాయమన్నాడు. "విరుస్తడో, వాళ్ళకే ఇస్తడో వాని ఇష్టం. వాని సంతకానికి మాట రావద్దు" అన్నాడు. ఈ పార్సిల్లో ఉన్నది అదే. ఆ గుడ్డ ఇక నేయడు. చీరెల పడుగు ఇంకా ఎక్కించలేదు. మగ్గం గుంత మీద పలక వేసి పెట్టాడు. నేను రోజూ దాని పక్కనుంచి నడిచి బడికి వెళ్తున్నాను.

అచ్చు పళ్ళలో జానెడు పోగులు ఉంటాయి. వాటిని నాయిన తీయలేదు. నువ్వు కూడా తీయవద్దు.

ఆపి ఆపి నేశాడని రాశావు. నిజమే. కొన్ని రోజులు బెత్తెడు కూడా నేయలేదు. గుంతలో దిగి, పోగుల మీద చెయ్యి పెట్టి కూర్చుని, మళ్ళీ పైకి వచ్చేవాడు. అది నీ మీద కోపం కాదు.

సంవత్సరీకం మాఘంలో. తిథి చూసి పంతులు చెప్తాడు. నిన్ను రమ్మని నాయిన అనలేదు. నువ్వు వస్తే ఎక్కడ పడుకోవాలి, పరుపు ఎండలో వేయాలి అని మాత్రం అంటున్నాడు. కల్పనక్క ఖిల్లా ఘణపూర్ నుంచి వాళ్ళ అత్తగారిని కూడా తీసుకొస్తుంది. గది చాలదు, నువ్వు నాయిన పక్కన పడుకోవాల్సి ఉంటుంది.

ఆ పడుగును అతికింది అమ్మ. అమ్మ పోయిన రోజు, యంత్రం బేరానికి వెళ్ళిన నువ్వు బెంగళూరు నుంచి ఇంకా దారిలో ఉండగా, కోయాలని తిరుపతయ్య కత్తెర తెచ్చాడు. నాయిన మగ్గానికి అడ్డం కూర్చున్నాడు, కోయనివ్వలేదు.

సుహాసిని